పసిపిల్లలలో మధుమేహము: తొలి రోజుననే గుర్తించుదాము

(శతవార్షికోత్సవముల సందర్భమున జరిగిన ఆరోగ్య సదస్సులో ఒక విశ్రాంత వైద్యుడు చేసిన ప్రసంగ పాఠము)



ఈ నూరేండ్ల పండుగలో ఆరోగ్యమును గురించి నాలుగు మాటలు చెప్పమని నన్ను కోరారు. పెద్ద ఆసుపత్రులను గురించి, కొత్త యంత్రములను గురించి చెప్పడానికి నాకంటె తగినవారు చాలామంది ఉన్నారు. నేను ఉద్యోగకాలమంతా పల్లెటూరి డిస్పెన్సరీలలోనే గడిపినవాడిని. అందుచేత డిస్పెన్సరీకి తగిన విషయమునే ఎంచుకొన్నాను. చిన్నపిల్లలకు వచ్చే చక్కెర జబ్బును, అది ప్రాణము మీదికి రాకముందే, మన ఊరిలోనే ఎట్లు పసిగట్టవచ్చునో చెప్పదలచుకొన్నాను. ఇది గొప్ప చదువుతో కూడిన పని కాదు. నాలుగు ప్రశ్నలు, ఒక్క రక్తపు చుక్క. అంతే. కాని ఆ నాలుగు ప్రశ్నలు నేను అడగవలసిన రోజున అడగలేదు. ముందుగా ఆ సంగతి చెప్పి తరువాత మిగతా విషయములోకి వస్తాను.

నేను చూచిన పిల్లవాడు

అది 1979వ సంవత్సరము, నవంబరు నెల. నేను డాక్టరునై ఎంతో కాలము కాలేదు. సమీపములోని ఒక హాస్టలులో తొమ్మిదేండ్ల పిల్లవాడు ఉండేవాడు. చురుకైనవాడు, బాగా చదివేవాడు. ఉన్నట్టుండి రాత్రిళ్లు పక్క తడపడము మొదలుపెట్టాడు. తోటి పిల్లలు నవ్వారు. వార్డెన్‌గారు మందలించారు. రాత్రి భోజనము తరువాత నీళ్లు త్రాగవద్దని కట్టడి చేశారు. వాడు అర్ధరాత్రి లేచి దొంగచాటుగా కుండలోని నీళ్లు త్రాగేవాడట. దానికి కూడా దెబ్బలు తిన్నాడు.

రెండు వారముల తరువాత తండ్రి వాడిని నా దగ్గరకు తీసుకొని వచ్చాడు. “అయ్యా, పిల్లాడు ఎండిపోతున్నాడండి. అన్నము బాగానే తింటాడు, ఒంటికి పట్టడము లేదు” అన్నాడు. నేను పొట్ట నొక్కి చూచి, నులిపురుగులు అనుకొని మందు ఇచ్చాను. మూత్రము ఎక్కువగా పోతున్నదని చెబితే, చలికాలము గదా, సహజమే అన్నాను. వారము తిరగకముందే మళ్లీ వచ్చారు. ఈసారి నీరసము. బలానికి టానిక్కు వ్రాసి పంపాను.

మూడవసారి వాడిని ఎత్తుకొని తెచ్చారు. రెండు రోజులుగా వాంతులు, కడుపునొప్పి. రొప్పుతున్నాడు. ఊపిరి అంత వేగముగా ఉండడము చూచి నిమోనియా అని నిశ్చయించుకొన్నాను. జ్వరము లేదు, దగ్గు లేదు, ఊపిరితిత్తులలో చప్పుడు లేదు. అయినా నాకు వేరొక ఆలోచన రాలేదు. నాలుక ఎండిపోయి ఉన్నది గనుక గ్లూకోజు సీసా పెట్టించాను. తెల్లవారుజామున మా నర్సమ్మ నన్ను లేపి, “డాక్టరుగారూ, ఈ అబ్బాయి నోటి నుంచి మగ్గిపోయిన పండు వాసన వస్తోందండి. ఒంట్లో నీరు లేదన్నారు, కాని రాత్రి నుంచి నాలుగుసార్లు పక్క తడిపాడు” అన్నది. అప్పుడు నా కళ్లు తెరుచుకొన్నవి. నా బల్ల వెనుక బీరువాలోనే బెనెడిక్ట్ ద్రావకము సీసా ఉన్నది. ఆ రోజులలో ప్రతి డిస్పెన్సరీలోనూ ఉండేది. గొట్టములో ఆ ద్రావకము పోసి, ఎనిమిది చుక్కల మూత్రము కలిపి కాచాను. నీలముగా ఉన్నది ఇటుక రంగుకు తిరిగింది.

జీపు కుదుర్చుకొని జిల్లా ఆసుపత్రికి బయలుదేరాము. పిల్లవాడు దారిలోనే పోయాడు.

కొద్ది రోజుల తరువాత ఆ హాస్టలుకు వెళ్లాను. అక్కడ ఊడ్చే అవ్వ ఒకరు నాతో ఒక మాట చెప్పింది. “బాబూ, ఆ పిల్లాడు గోడవార పోసిన చోట చీమలు పట్టేవి. నేను చెప్పాను. ఎవరూ వినిపించుకోలేదు” అన్నది. వైద్యశాస్త్రము చదివిన నాకంటె ముందు ఆ అవ్వకు జబ్బు కనిపించింది. ఆమెకు లేనిది దాని పేరు మాత్రమే. ఈనాడు మిమ్మల్నందరినీ ఇక్కడ చూచినప్పుడు నాకు ఆ అవ్వే గుర్తుకు వస్తున్నది. పిల్లవాడి జబ్బును మొదట చూచేది డాక్టరు కాదు. వాడి పక్క ఎత్తేవారు, వాడికి అన్నము పెట్టేవారు, వాడికి పాఠము చెప్పేవారు.

జబ్బు ఏమిటి, ఎందుకు వస్తుంది?

మన కడుపులో జీర్ణాశయము వెనుక క్లోమము అనే గ్రంథి ఉన్నది. దానిలోని కొన్ని కణములు ఇన్సులిన్ అనే రసమును తయారుచేస్తాయి. మనము తిన్న అన్నము చక్కెరగా మారి రక్తములో చేరితే, ఆ చక్కెరను కండరములు మొదలైనవి వాడుకొనేట్టు చేసేది ఈ ఇన్సులినే. పిల్లలలో సామాన్యముగా వచ్చే మధుమేహములో, శరీరమును కాపాడవలసిన రక్షణశక్తే పొరపాటున ఈ కణములను నాశనము చేస్తుంది. దీనిని మొదటి రకము మధుమేహము అంటారు. ఇది మిఠాయిలు ఎక్కువ తిన్నందువల్ల రాదు. తల్లి పెంపకములో లోపము వల్ల రాదు. ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు. ఇంటిలో ఎవరికీ లేకపోయినా రావచ్చును.

ఇన్సులిన్ లేనప్పుడు రక్తము నిండా చక్కెర ఉన్నా శరీరము పస్తే ఉంటుంది. గాదె నిండా ధాన్యము ఉండి, తలుపు తెరుచుకోక ఇంటివారు మాడిపోయినట్లు. రక్తములో చక్కెర సుమారు 180 మిల్లీగ్రాములు దాటితే మూత్రపిండములు దానిని ఆపలేక మూత్రములోకి వదిలివేస్తాయి. చక్కెర తనతో నీటిని కూడా లాగుకొనిపోతుంది. అందుచేత మూత్రము ఎక్కువ. నీరు పోయినందున దాహము ఎక్కువ. పస్తున్న శరీరము తన కొవ్వును, కండను కరిగించుకొంటుంది గనుక బరువు తగ్గుతుంది, నీరసము వస్తుంది. కొవ్వు అట్లు కరిగినప్పుడు కీటోనులు అనే ఆమ్ల పదార్థములు పుట్టి రక్తమును చెడగొడతాయి. దానితో వాంతులు, కడుపునొప్పి, చివరకు ఆ రొప్పు, ఆ పండు వాసన. 1874లో అడాల్ఫ్ కుస్‌మాల్ అనే జర్మన్ వైద్యుడు ఈ లోతైన ఊపిరిని వర్ణించాడు. అది ఊపిరితిత్తుల జబ్బు కాదు. రక్తములోని ఆమ్లమును తగ్గించుకోవడానికి శరీరము పడే పాట్లు.

ఇన్సులిన్ రాకముందు ఈ జబ్బు వచ్చిన పిల్లవాడికి మందు లేదు. 1921లో కెనడా దేశపు టొరంటో నగరములో బాంటింగ్, బెస్ట్ అనేవారు ఇన్సులిన్‌ను వెలికితీశారు. 1922 జనవరిలో లియొనార్డ్ థాంప్సన్ అనే 14 ఏండ్ల బాలుడికి మొదటిసారిగా దానిని ఎక్కించారు. మొదటి మందు శుద్ధి చాలక అంతగా పనిచేయలేదు. కాలిప్ అనే శాస్త్రజ్ఞుడు శుద్ధిచేసిన మందును ఆ నెలలోనే మళ్లీ ఇచ్చినప్పుడు పిల్లవాడు తేరుకొన్నాడు. ఎముకల గూడువలె ఆసుపత్రి చేరిన ఆ బాలుడు మరి 13 సంవత్సరములు బ్రతికాడు. ఈనాడు ఇన్సులిన్ సక్రమముగా తీసుకొనే పిల్లలు పెద్దవారై, చదివి, ఉద్యోగములు చేసి, బిడ్డలను కని వృద్ధాప్యము చూస్తున్నారు. కనుక మందు లేక పిల్లవాడు పోయాడు అనే రోజులు గడిచిపోయినవి. ఇప్పుడు పిల్లలు పోయేది ఎక్కువగా ఆలస్యము వల్ల, లేక మందు అందకపోవడము వల్ల.

ఇది మన దేశములో అరుదు అని కొందరు అనుకొంటారు. అంతర్జాతీయ మధుమేహ సమాఖ్యవారు 2021లో ప్రచురించిన అంచనా ప్రకారము 20 ఏండ్లలోపు వారిలో ఈ మొదటి రకము ఉన్నవారు మన భారతదేశములో సుమారు 2 లక్షల 29 వేలమంది. ప్రపంచములో ఏ దేశములోనూ ఇంతమంది లేరు. ఒక్కొక్క ఊరిలో అరుదే కావచ్చును. కాని అరుదుగా వచ్చేదే కనుక మనకు గుర్తుకు రాదు. గుర్తుకు రానిదే ప్రాణము తీస్తుంది.

రెండు పెరుగుతాయి, రెండు తగ్గుతాయి

ఇక లక్షణములు. నాలుగే ఉన్నవి. జ్ఞాపకము ఉంచుకోవడానికి నేను ఇట్లు చెబుతాను: రెండు పెరుగుతాయి, రెండు తగ్గుతాయి. మూత్రము పెరుగుతుంది, దాహము పెరుగుతుంది. బరువు తగ్గుతుంది, సత్తువ తగ్గుతుంది. ఇవి నెలల తరబడి మెల్లగా వచ్చేవి కావు. తరచుగా రెండు మూడు వారములలోనే అన్నీ కనిపిస్తాయి. చిన్నపిల్లలలో ఇంకా త్వరగా ముంచుకొని వస్తాయి.

ఇవి పుస్తకములోని మాటలు. మన ఇండ్లలో ఎట్లు కనిపిస్తాయో చూడండి. పక్క తడపడము మానివేసిన పిల్లవాడు మళ్లీ మొదలుపెడితే, అది అల్లరి కాదు, భయము కాదు, ముందు చక్కెర చూడవలసిన సంగతి. బడిలో మాటిమాటికి “బయటికి వెళ్లివస్తాను మాస్టారూ” అని లేచే పిల్లవాడు పాఠము తప్పించుకోవడానికే లేచాడని అనుకోవద్దు. రాత్రి లేచి చెంబెడు నీళ్లు త్రాగి, గంటకు మళ్లీ లేచే పిల్లను గమనించండి. పండుగకు కుట్టించిన లాగు నెల తిరగకముందే నడుము దగ్గర జారిపోతే, ఎదుగుతున్నాడు గనుక సన్నబడ్డాడు అని సరిపెట్టుకోవద్దు. ఎదిగే పిల్లవాడు బరువు పెరగాలి, తగ్గరాదు. ఆటలలో ముందుండేవాడు చెట్టు క్రింద కూర్చుండిపోతే ఎందుకని అడగండి.

మూత్రము పోసిన చోట చీమలు పట్టడము మన పెద్దలకు పూర్వమునుంచి తెలిసిన గుర్తు. చీమలు పట్టకపోతే జబ్బు లేదని కాదు. పడితే మాత్రము ఆ రోజే పరీక్ష చేయించాలి. ఆడపిల్లలలో మూత్రము పోసే చోట దురద, పుండుగా మారడము కూడా ఒక గుర్తు. చంటిబిడ్డలు దాహమని చెప్పలేరు. వారి విషయములో గుడ్డలు ఎప్పుడూ బరువుగా తడిసిపోవడము, పాలు ఆబగా త్రాగినా బరువు పెరగకపోవడము చూడాలి. ఆరు నెలలలోపు బిడ్డకు మధుమేహము వస్తే అది జన్యువుల వల్ల వచ్చే వేరొక రకము కావచ్చును. అట్టి బిడ్డలలో కొందరికి మాత్రలతోనే అదుపులో ఉంటుంది. కనుక వారిని తప్పకుండా పెద్ద వైద్యుల వద్దకు చేర్చాలి.

ఎండాకాలములో అందరికీ దాహమే గదా, ఎట్లు తెలుస్తుంది అని మీరు అడగవచ్చును. తేడా సులభము. ఎండకు దాహము వేసిన పిల్లవాడికి చెమట పోస్తుంది, మూత్రము తగ్గుతుంది, రంగు చిక్కబడుతుంది. చక్కెర జబ్బు పిల్లవాడు ఎంత త్రాగితే అంత పోస్తాడు, తెల్లగా పోస్తాడు. ఈ తేడా తెలియక ఎండదెబ్బ అని చెరకురసము, కూల్‌డ్రింకులు, గ్లూకోజు పొడి కలిపిన నీళ్లు త్రాగిస్తారు. అగ్నిలో నెయ్యి పోసినట్లే అవుతుంది.

మనము ఎక్కడ మోసపోతాము?

డిస్పెన్సరీలలో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలో పనిచేసే నర్సులకు, యువ డాక్టర్లకు ప్రత్యేకముగా ఈ మాటలు చెబుతున్నాను. ఈ జబ్బు తన పేరు చెప్పుకొని రాదు. వేరే జబ్బుల వేషములో వస్తుంది. రొప్పు చూచి నిమోనియా అంటాము, ఆయాసము అంటాము. ఆయాసమని స్టీరాయిడు ఇస్తే చక్కెర ఇంకా పెరుగుతుంది. కడుపునొప్పి చూచి అపెండిసైటిస్ అంటాము. వాంతులు చూచి అజీర్ణము అంటాము. మాటిమాటికి మూత్రము అంటే మూత్రములో చీము అంటాము. చిక్కిపోతే క్షయ అంటాము, నులిపురుగులు అంటాము. మగతగా ఉంటే మెదడువాపు అంటాము. ఇంటిలో పెద్దలు దిష్టి అంటారు, గాలి సోకింది అంటారు. తాయెత్తు కట్టించడానికి రెండు రోజులు, నాటుమందుకు నాలుగు రోజులు పోతాయి.

దీనికి నేను నేర్చుకొన్న సూత్రములు రెండు చెబుతాను. మొదటిది: వాంతులతో ఒళ్లు ఎండిపోయిన పిల్లవాడికి మూత్రము తగ్గాలి. ఒళ్లు ఎండిపోయి కూడా మూత్రము ధారాళముగా పోతుంటే, అది చక్కెర జబ్బు అని అనుమానించాలి. రెండవది: దగ్గు, జ్వరము లేకుండా, ఊపిరితిత్తులు శుభ్రముగా ఉండి, లోతుగా, వేగముగా ఊపిరి పీల్చే పిల్లవాడికి మరేమీ చేయకముందు చక్కెర చూడాలి. ఈ రెండు గుర్తులూ ఆ 1979 నాటి రాత్రి నా ముందు ఉన్నవి. నేను చూడలేదు.

ఒక్క చుక్క, ఆ రోజే

అనుమానము వచ్చినప్పుడు చేయవలసినది ఒక్కటే: వ్రేలి నుంచి ఒక చుక్క రక్తము తీసి గ్లూకోమీటరులో చూడడము. నిమిషము కూడా పట్టదు. ఈనాడు ఆ యంత్రము మందుల దుకాణములలో దొరుకుతుంది. పెద్దవారి షుగరు చూచుకోవడానికి ఎన్నో ఇండ్లలో ఉన్నది. పిల్లవాడి చేయి సబ్బుతో కడిగి, తుడిచి, అప్పుడు తీయండి. మామిడిపండు తిన్న వ్రేలిని కడగకుండా తీస్తే తప్పు లెక్క వస్తుంది.

పరగడుపున రావాలని చెప్పి రేపటికి పంపవద్దు. ఈ పరీక్షకు పరగడుపు అవసరము లేదు. పైన చెప్పిన లక్షణములు ఉండి, ఏ వేళనైనా చక్కెర 200 మిల్లీగ్రాములు గాని అంతకు మించి గాని ఉంటే మధుమేహమనే భావించి నడుచుకోవాలి. మూడు నెలల సగటు చూపే పరీక్ష కోసము పట్నానికి రక్తము పంపి కాగితము వచ్చేదాక కూర్చుండవద్దు. పిల్లలలో జబ్బు త్వరగా ముదురుతుంది గనుక ఆ సగటు ఇంకా అంతగా పెరగకపోవచ్చును కూడా. యంత్రము అంకె చూపకుండా ‘హై’ అని చూపితే అది యంత్రము చెడిపోవడము కాదు. దాని కొలతకు అందనంత చక్కెర ఉన్నదని అర్థము. చక్కెర 200కు తక్కువగా ఉండి అనుమానము తీరకపోతే, ఆ కాగితము చేతికిచ్చి డాక్టరు వద్దకు పంపండి. అది ఏ రకము మధుమేహమో తేల్చే భారము మీది కాదు. ఈమధ్య స్థూలకాయము ఉన్న పెద్దపిల్లలలో పెద్దవారి రకము కూడా వస్తున్నది. ఆ విచారణ పెద్ద ఆసుపత్రిలో జరుగుతుంది.

గ్లూకోమీటరు లేనిచోట మూత్రములో ముంచి చూచే పట్టీలు ఉన్నవి. చక్కెరను, కీటోనులను రెండింటినీ చూపే పట్టీ అయితే మరీ మంచిది. రెండూ ఉన్నవంటే ప్రమాదము గడపలోనే ఉన్నదన్నమాట. అంతేకాని పట్టీలు లేవని, యంత్రము లేదని పిల్లవాడిని ఇంటికి పంపవద్దు. పరీక్ష ఉన్నచోటికి పంపండి.

చక్కెర ఎక్కువని తేలిన తరువాత ఆ రోజే, ఆ పూటే, పిల్లలకు ఇన్సులిన్ ఇచ్చి చూడగల ఆసుపత్రికి చేర్చాలి. పిల్లవాడు ఆడుకొంటూ బాగానే ఉన్నాడని రెండు రోజులు ఆగరాదు. ఈ పూట ఆడుకొనే పిల్లవాడు రేపటికి మగతలోకి పోవచ్చును. మన రాష్ట్రములో 2005 నుంచి 108 అంబులెన్సు ఉన్నది. దానిని పిలవండి. బయలుదేరే ముందు ఆ ఆసుపత్రికి ఫోను చేసి చెప్పండి. కాగితము మీద పిల్లవాడి వయస్సు, బరువు, చక్కెర ఎంత, ఎన్ని గంటలకు చూచినది, ఏమి మందు ఇచ్చినది స్పష్టముగా వ్రాసి పంపండి.

చేయకూడనివి కూడా చెప్పాలి. గ్లూకోజు సీసా పెట్టవద్దు. పెద్దవారు వాడే షుగరు మాత్రలు ఇవ్వవద్దు. తెలివిగా ఉన్న పిల్లవాడికి మంచినీళ్లు త్రాగనివ్వండి, దాహముతో మాడ్చవద్దు. మగతగా ఉంటే నోట ఏమీ పోయవద్దు, ప్రక్కకు తిప్పి పడుకోబెట్టండి. పిల్లవాడు కుదేలైపోయి నాడి అందనప్పుడు ఉప్పునీటి సెలైను అవసరమవుతుంది. కాని అది బరువునుబట్టి, వైద్యుని ఆజ్ఞమీద ఇవ్వవలసినది. తొందరపడి సీసాల మీద సీసాలు ఎక్కిస్తే, ఇష్టమువచ్చినట్లు ఇన్సులిన్ పొడిస్తే, పిల్లల మెదడు వాచే ప్రమాదము ఉన్నది. మన పని గుర్తించుట, పంపుట. ఆ రెండూ సక్రమముగా చేస్తే తక్కిన పని సగము తేలిక అవుతుంది.

గోడమీద ఒక కాగితము

ఇంత చిన్న పనివల్ల నిజముగా ప్రయోజనము ఉంటుందా అని అనుమానించేవారికి ఇటలీ దేశములోని పార్మా సీమ సంగతి చెబుతాను. అక్కడ 1991లో వైద్యులు ఒక ప్రచారము మొదలుపెట్టారు. 177 బడులలో గోడపత్రికలు అంటించారు. దాహము, ఎక్కువ మూత్రము, ముఖ్యముగా మానిన పక్క తడుపు మళ్లీ మొదలవడము వాటిలో చెప్పారు. ఆ సీమలోని పిల్లల డాక్టర్లకు చక్కెర చూచే సాధనములు, తల్లిదండ్రులకు ఇవ్వడానికి చీటీలు ఇచ్చారు. ఆ ప్రచారమునకు ముందు, కొత్తగా మధుమేహము బయటపడిన పిల్లలలో నూటికి 78 మంది కీటోనులతో రక్తము చెడిపోయిన స్థితిలో ఆసుపత్రి చేరేవారు. 1991 నుంచి 1997 వరకు చూస్తే అది నూటికి 12.5కు దిగింది. కొత్త మందు ఏదీ కనిపెట్టలేదు. గోడమీద కాగితము అంటించారు, డాక్టరు చేతికి పరీక్ష ఇచ్చారు. బ్రిటన్ దేశములో కూడా 2012లో ఇవే నాలుగు లక్షణములతో ఇటువంటి ప్రచారము చేపట్టారు.

మన బడులు, మన హాస్టళ్లు ఎన్ని ఉన్నవో లెక్క చూచుకోండి. ఆశా కార్యకర్తలు ఊరూరా తిరుగుతున్నారు. అంగన్‌వాడీలో పిల్లల బరువు తూస్తున్నారు. తూచినప్పుడు తగ్గిన బరువు కనిపిస్తే నాలుగు ప్రశ్నలు అడగడము వారికి భారము కాదు.

గుర్తించిన తరువాత

మరొక పిల్ల సంగతి చెప్పి ముగిస్తాను. ఆ తొమ్మిదేండ్ల పిల్లవాడు పోయిన తరువాత నేను పనిచేసిన చోటునల్లా నర్సులకు, ఆయాలకు, బడిపంతుళ్లకు ఈ నాలుగు ప్రశ్నలు చెబుతూనే వచ్చాను. చాలా ఏండ్లకు ఒకనాడు ఒక పంతులమ్మ ఏడేండ్ల పిల్లను చేయి పట్టుకొని నా దగ్గరకు నడిపించుకొని వచ్చింది. “నెల క్రిందట ఎక్కాలు గడగడ చెప్పేదండి. ఇప్పుడు బల్లమీద తలపెట్టి నిద్రపోతోంది. రోజుకు మూడు సీసాల నీళ్లు త్రాగుతోంది. మీరు చెప్పిన జబ్బేమో చూడండి” అన్నది. చూచాము. చక్కెర 400 దాటింది. పిల్లకు ఇంకా వాంతులు లేవు, రొప్పు లేదు. సాయంత్రానికి పెద్ద ఆసుపత్రిలో ఇన్సులిన్ మొదలుపెట్టారు. పది రోజులలో నవ్వుతూ తిరిగివచ్చింది.

కాని ఇంటిలో కష్టము అప్పుడే మొదలైంది. కొద్ది వారములకు ఇన్సులిన్ అవసరము తగ్గింది. చాలామంది పిల్లలలో మొదట కొంతకాలము ఇట్లు జరుగుతుంది. మిగిలిన కణములు కాస్త తేరుకొని పనిచేస్తాయి. అది జబ్బు నయమవడము కాదు. “సూదులు మాన్పించండి, మా ఆకుపసరుతో పోతుంది” అని ఒకరు సలహా ఇచ్చారు. తండ్రి సగము నమ్మాడు. నాయనమ్మ, “ఆడపిల్ల, రేపు పెళ్లి ఎట్లా? ఎవరికీ చెప్పకండి” అన్నది. నేను, ఆ పంతులమ్మ వారి ఇంటికి వెళ్లి కూర్చున్నాము. ఇన్సులిన్ అలవాటైపోయే మత్తుమందు కాదని, అది అన్నము, నీరువంటిదని, మాన్పిస్తే పిల్ల దక్కదని చెప్పాము. ఇంటిలో ఫ్రిజ్జు లేదంటే, ఇసుకలో నీళ్లు పోసి అందులో మట్టికుండ పెట్టి, వాడుతున్న సీసాను ఆ కుండలో చల్లగా ఉంచడము మా నర్సు చూపించింది. ఇన్సులిన్‌ను గడ్డకట్టించరాదని, ఎండలో పెట్టరాదని నేర్పింది. చక్కెర ఒక్కసారిగా పడిపోయి చెమటలు పట్టి వణికితే వెంటనే చక్కెర నీళ్లు ఇవ్వాలని పంతులమ్మ తన బల్ల సొరుగులో చక్కెర పొట్లము ఉంచుకొన్నది. ఆ పిల్ల ఇప్పుడు ఇద్దరు బిడ్డల తల్లి. పెళ్లి సంగతి దాచలేదు. చెప్పే చేశారు.

ఈ రెండు జీవితములకు మధ్య ఉన్న తేడా మందులో లేదు. 1979లో కూడా జిల్లా ఆసుపత్రిలో ఇన్సులిన్ ఉన్నది. తేడా అంతా మూడు వారములలో ఉన్నది. ఒకరి విషయములో అవ్వ చెప్పిన మాట ఎవరూ వినలేదు. మరొకరి విషయములో పంతులమ్మ మాట విన్నాము.

కనుక పెద్దలకు నా మనవి ఇది. ఈ నూరేండ్ల పండుగ గుర్తుగా మన ప్రతి బడిలో, ప్రతి హాస్టలులో, ప్రతి డిస్పెన్సరీలో ఒక కాగితము అంటించండి. పెద్ద అక్షరములతో ఇంతే వ్రాయండి: “మూత్రము పెరిగిందా? దాహము పెరిగిందా? బరువు తగ్గిందా? సత్తువ తగ్గిందా? ఈ రోజే ఒక చుక్క రక్తము చూపించండి.” దాని ప్రక్కన గ్లూకోమీటరు ఒకటి, గడువు తీరని పట్టీలు కొన్ని ఉంచండి. పట్టీల గడువు తేదీని మూడు నెలలకొకసారి చూచే బాధ్యతను ఒకరికి పేరుపెట్టి అప్పగించండి. అందరి బాధ్యత అంటే ఎవరిదీ కాకుండా పోతుంది.

వార్డెన్లకు, మాస్టార్లకు మరొక్క మాట. పక్క తడిపిన పిల్లవాడిని కొట్టవద్దు. వాడికి నీళ్లు ఆపవద్దు. చేయి పట్టుకొని డిస్పెన్సరీకి తీసుకొని రండి. జబ్బు లేదని తేలితే నష్టమేమీ లేదు, ఒక్క చుక్క రక్తము పోతుంది. ఉన్నదని తేలితే ఒక బిడ్డ మిగులుతాడు.